రేవు దారి, బడి దారి

మా అమ్మ అక్కకు ఒకటే జాగ్రత్త చెప్పింది: "వాడి చెయ్యి కాదు, మణికట్టు పట్టుకో." చెయ్యి పట్టుకుంటే వేళ్ళు జార్చుకుని పరిగెత్తుతానని అమ్మకు తెలుసు. 1983 జూన్‌లో నన్ను ఒకటో తరగతిలో వేశారు. ఆ రోజు మొదలుకొని మూడేళ్ళు, మా గుమ్మం నుంచి బడి దాకా, బడి నుంచి మళ్ళీ గుమ్మం దాకా నా ఎడమ మణికట్టు అక్క కుడి చేతిలోనే ఉండేది. అక్క నాకంటే రెండు తరగతులు పైన. నాకు ఐదేళ్ళు, తనకు ఏడు. ఏడేళ్ళ పిల్ల చెయ్యి ఎంత ఉంటుంది? తన వేళ్ళు నా మణికట్టు చుట్టూ పూర్తిగా కలిసేవి కూడా కావు. అయినా ఆ పట్టు ఎన్నడూ సడలలేదు.

నా చదువు గురించి ఎవరు అడిగినా ముందు ఆ మైలు దూరమే కళ్ళ ముందుకు వస్తుంది. తరగతి గది ఆ తరువాత.

మా ఊరు కోనసీమలో, వైనతేయకు పడమటి గట్టున ఉంటుంది. వశిష్ఠ గోదావరి నుంచి చీలి సముద్రానికి పోయే పాయ వైనతేయ. ఊరికి ఒక పక్క ఆ ఏరు, ఇంకో పక్క పంట కాలువ. మా చేలకు నీళ్ళు రావాలంటే ధవళేశ్వరం దగ్గర బయలుదేరి, బొబ్బర్లంక మీదుగా లొల్ల లాకులకు వచ్చి, అక్కడ వేరుపడి గన్నవరం చేరి, గన్నవరంలో అక్విడక్టు మీదుగా ఏరు దాటి ఇవతలకు రావాలి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్విడక్టు కూడా 1850ల నాటిదే. ఒకసారి నాన్న సైకిలు కడ్డీ మీద నన్ను, వెనక అక్కను ఎక్కించుకుని తీసుకువెళ్ళి చూపించాడు. కింద ఏరు పోతోంది, దాని నెత్తి మీదుగా అడ్డంగా కాలువ పోతోంది. రెండూ గోదావరి నీళ్ళే, ఒకదాన్ని ఒకటి తాకకుండా దేని దారిన అది. తిరిగి వస్తున్నంతసేపూ అక్క వెనక నుంచి నాన్నను అడుగుతూనే ఉంది: పైనున్న నీళ్ళకు కింద తమవాళ్ళే ఉన్నారని తెలుస్తుందా అని. నాన్న నవ్వాడు కానీ జవాబు చెప్పలేదు.

పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, ఆవకాయ ముక్క. యూరియా బస్తా గుడ్డతో అమ్మ చేత్తో కుట్టిన సంచి. అందులో చెక్క చట్రం ఉన్న రాతిపలక, రెండు బలపాలు. ఆదివారం సాయంత్రం దొండాకు, బొగ్గు కలిపి నూరి పలకకు పులిమి ఆరబెట్టేవాళ్ళం. సోమవారం నాటి పలక అంత నల్లన నాకు మరే వస్తువులోనూ కనిపించలేదు. దాని మీద మొదటి అక్షరం రాయడానికి మనసు ఒప్పేది కాదు.

ఇంటి వెనక కొబ్బరితోటతో దారి మొదలయ్యేది. ఎంత ఎండ కాసినా తోటలో చల్లగా, కొంచెం చీకటిగా ఉండేది. దింపు తీసే రోజున మాత్రం తోటలోంచి వెళ్ళనిచ్చేవారు కాదు. పైన మనిషి, కింద దబ్బుదబ్బున రాలుతున్న గెలలు. చుట్టూ తిరిగి చేలగట్ల మీదుగా వెళ్ళవలసిందే. మామూలు రోజుల్లో అక్క నడుస్తూనే కొబ్బరాకు చీల్చి బూర చుట్టేది. దానికి రెండు చేతులూ కావాలి కదా, అప్పుడు "నా లంగా అంచు పట్టుకో, వదిలావో, బూర ఇవ్వను" అనేది. ఆ బూర పీపీమని ఊదుకుంటూ తోట దాటేవాడిని. ఒక్కోసారి ఆకుతోనే చేతికి వాచీ చుట్టేది. ముళ్ళు ఉండవు, అంకెలు ఉండవు. నేను ఎప్పుడు సమయం అడిగినా అందులో చూసి "ఇంకా గంట కొట్టలేదులే" అని చెప్పేది.

తోట దాటగానే పంట బోదె, అంటే చేలకు నీళ్ళు పారే చిన్న కాలువ. దాని మీద రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసి ఉండేవి. అదే వంతెన. ఎండాకాలంలో దాని మీద పరిగెత్తవచ్చు. వానలు మొదలయ్యాయంటే పాచి పట్టి, నూనె రాసినట్టు ఉండేది. అక్క ముందుగా అడ్డంగా తిరిగి, పాదాలు రెండు దుంగలకూ ఆనేలా పెట్టి, ఒక్కొక్క అడుగే జరుపుతూ నన్ను లాక్కునేది. కింద నీళ్ళు చూడవద్దని చెప్పేది. నేను కింద నీళ్ళే చూసేవాడిని. రెండో తరగతిలో ఉండగా ఒక శ్రావణమాసం ఉదయం నా సంచి జారి బోదెలో పడింది. నేను ఏడుపు అందుకునే లోపే అక్క లంగా దోపుకుని నీళ్ళలోకి దిగింది. నడుము దాకా వచ్చాయి నీళ్ళు. కాళ్ళతో అడుగు తడుముతూ, మెడ పైకెత్తి, ఏదో లెక్క చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని వెతికింది. సంచి దొరికింది. పలక పగలలేదు, చట్రం మాత్రం ఒక మూల ఊడింది. తడిబట్టలతో బడికి వెళితే మాస్టారు ఒక్క మాట అనకుండా "ముందు ఎండలో కూర్చోండమ్మా, ఆరాక లోపలికి రండి" అన్నారు. ఆ ఉదయమంతా ఇద్దరం బడి ఆవరణలో ఎండలో కూర్చున్నాం. లోపల అన్ని తరగతుల పాఠాలూ ఒకేసారి వినిపిస్తున్నాయి. అక్క ఊడిన చట్రాన్ని కొబ్బరిపీచుతో కట్టింది. ఆ కట్టుతోనే పలక ఇంకో ఏడాది నడిచింది.

బోదె తరువాత కాలువగట్టు. ఆ దారిలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. ఒక పక్క కాలువ, గట్టంతా చెట్లు, ఇంకో పక్క చేలు. ధాన్యం పడవలు, ఇసుక పడవలు అప్పటికి పూర్తిగా పోలేదు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు. తాడు మా నడుముల ఎత్తులో వచ్చేది. మేము వంగి దాని కిందుగా దూరి పోయేవాళ్ళం. వాళ్ళు అడుగు ఆపకుండానే "ఎన్నో ఎక్కం వచ్చురా?" అని అడిగేవారు. చెప్పేదాకా తాడు పైకి ఎత్తకుండా ఆటపట్టించేవారు. గుర్రపుడెక్క పూసినప్పుడు కాలువ ఒక పక్కంతా ఊదా రంగుకు తిరిగేది. అక్క ఆ పువ్వు తెంపి జడలో పెట్టుకునేది. బడి చేరేసరికి అది వాడి ముద్దయ్యేది. మర్నాడు మళ్ళీ తెంపేది. లకుముకి పిట్ట టెలిఫోను తీగ మీద నుంచి నీళ్ళలోకి నిటారుగా దూకి, మళ్ళీ తీగ మీదికి వచ్చి కూర్చునేదాకా కదలకుండా నిలబడి చూసేవాళ్ళం. ఆలస్యమైతే మిగతా దారి పరుగే.

వేసవిలో కాలువలు కట్టేసేవారు. ఒంటిపూట బడులు ముగిసే రోజులకు నీళ్ళు తగ్గి, అక్కడక్కడ మడుగులు మిగిలేవి. ఆ చివరి వారం మేము గట్టు మీద నడిచేవాళ్ళం కాదు, కాలువలోకి దిగి అడుగున నడిచేవాళ్ళం. ఏడాదంతా తల వంచి గట్టు మీద నుంచి చూసిన చోటే ఇప్పుడు మా అడుగులు. నత్తగుల్లలు, పగిలిన కుండలు, ఎవరో పారేసుకున్న ఇత్తడి చెంబు. మడుగుల్లో బురదమట్టలను చేతులతో పట్టే పెద్ద పిల్లలు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేవారు. బడి తెరవడమూ, నీళ్ళు రావడమూ ఇంచుమించు ఒకే సమయానికి జరిగేవి. కొత్త నీరు ఎండుటాకులను, నురగను తోసుకుంటూ ఎర్రగా, నెమ్మదిగా వచ్చేది. దాని ముందు గట్టు మీద పిల్లలమంతా నడిచేవాళ్ళం, ఊరిలోకి మేమే తీసుకువస్తున్నట్టు. కొత్త తరగతి, కొత్త పుస్తకాల వాసన, కొత్త నీటి వాసన నాకు ఈనాటికీ విడదీయడం రాదు.

గట్టు మీద అర మైలు నడిచాక దారి రెండుగా చీలేది. కుడికి తిరిగితే బడి, ఎడమకు తిరిగితే రేవు. రేవులో ఎప్పుడూ ఒక పడవ ఉండేది. పడవ నడిపే ఆయనకు అవతలి ఊళ్ళవాళ్ళు చిల్లర ఇచ్చేవారు. మా ఊరి వాళ్ళు మాత్రం పంట ఇంటికి వచ్చాక ఏడాదికి ఒకసారి ధాన్యం కొలిచేవారు. ఎవరింట్లో ఎంతమంది ఏరు దాటేవాళ్ళుంటే అన్ని కుంచాలు. ఆయన లెక్క అడిగేవాడు కాదు, వీళ్ళు తగ్గించేవారు కాదు. ఆ చీలిక దగ్గర అక్క రోజూ ఒక్క క్షణం ఆగి రేవు వైపు చూసేది. ఐదో తరగతి అయితే తను వెళ్ళవలసిన హైస్కూలు ఆ ఒడ్డున ఉంది. మా వైపున్నది ఐదు మైళ్ళు. ఏరు దాటితే మైలున్నరే.

బడి పెంకుటిల్లు. రెండు గదులు, ఒక వసారా, ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు. రైలుపట్టా ముక్క ఒకటి దూలానికి వేలాడేది. దాని మీద ఇనపకమ్మీతో కొడితే రేవు దాకా వినిపించేది. ఇంతకు మించి భవనం గురించి చెప్పడానికి ఏమీ లేదు. మాకు అసలు బడి దాని ముందున్న ఆవరణ, ఆవరణలో ఉన్న నిద్రగన్నేరు చెట్టు.

ఆ చెట్టు కొమ్మలు బడి కప్పును దాటి పోయేవి. సాయంత్రం ఇంటిబెల్లు కొట్టే వేళకు ఆకులు ముడుచుకోవడం మొదలయ్యేది. మబ్బు బాగా కమ్మినా ముడుచుకునేవి. మేము కప్పు వైపు చూడకుండా చెట్టు వైపే చూసి వాన వస్తుందో రాదో చెప్పేవాళ్ళం. వేసవి ముందు నల్లటి కాయలు రాలేవి. చేతికి బంకగా అంటుకునేవి, తియ్యటి వాసన. మేకలు వాటి కోసం తరగతి దాకా వచ్చేవి.

ఆట మొదలవడానికి ముందు పంటలు వేసుకోవాలి. ముగ్గురు చేతులు కలిపి ఒక్కసారిగా అరచేతులు పైకో కిందికో తిప్పడం, విడిగా పడినవాడు పండినట్టు. చివరికి మిగిలినవాడు దొంగ. ఒక్కోసారి దొంగ తేలేసరికే విరామం అయిపోయి గంట కొట్టేవారు. అయినా మాకు ఆట ఆడినట్టే ఉండేది.

కోతికొమ్మచ్చికి ఆ చెట్టును మించింది లేదు. చెట్టు కింద నేల మీద ఒక గుండ్రం గీసేవాళ్ళం. ఒకడు అందులో నిలబడి, కాలెత్తి, కాలి కిందుగా కర్రను ఎంత దూరం వీలైతే అంత దూరం విసరాలి. దొంగ పరిగెత్తి ఆ కర్ర తెచ్చి గుండ్రంలో పెట్టే లోపల అందరూ చెట్టెక్కేయాలి. తరువాత దొంగ ఎవరినో ఒకరిని ముట్టుకోవాలి. ముట్టుకునే లోపల ఎవరైనా దూకి కర్రను అందుకుంటే ఆట మళ్ళీ మొదటికి వస్తుంది. నేను చిన్నవాడిని, కొమ్మ అందేది కాదు. పెద్ద పిల్లలు నా జబ్బలు పట్టి పైకి లాగి ఒక గుబురులో కూర్చోబెట్టేవారు. "వీడు ఆటలో అరటిపండు" అనేవారు, అంటే నన్ను ముట్టుకున్నా దొంగను కాను. మూడో తరగతిలో మొదటిసారి నేనే ఎక్కాను. ఆ రోజు నుంచి నేనూ దొంగను కావచ్చు. ఆ గౌరవం కోసం ఎంతగా ఎదురు చూశానో!

చెడుగుడు ఆవరణకు ఏటి వైపున్న ఇసుకలో ఆడేవాళ్ళం. కూతకు వెళ్ళినవాడి గొంతు సన్నబడుతుంటే అవతలి జట్టు మెల్లగా చుట్టూ మూగడం, ఊపిరి చివరి చుక్కతో వాడు గీత మీదికి చెయ్యి చాచడం చూస్తూ మేము కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఏడు పెంకులాటకు బడికప్పు నుంచి జారిపడిన పెంకు ముక్కలే దిక్కు. మాస్టారికి తెలుసు, చూడనట్టు ఉండేవారు. నేను బడిలో చేరిన నెలలోనే, 1983 జూన్ 25న, మన జట్టు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది. ఆ వార్త మా దాకా రేడియోలో వచ్చింది. వారం తిరిగేసరికి ఆవరణలో కొబ్బరిమట్టలన్నీ బ్యాట్లయ్యాయి. మట్ట మొదలు వెడల్పుగా ఉంటుంది, కొన సన్నగా చేతిలో ఇముడుతుంది. కత్తితో రెండు దెబ్బలు వేస్తే చాలు. సైకిలు ట్యూబును సన్నగా కోసి, గుడ్డ ఉండ మీద చుట్టి బంతి చేసేవాళ్ళం. అది ఎటు ఎగురుతుందో విసిరినవాడికే తెలిసేది కాదు.

ఆడపిల్లలు వసారా పక్కన తొక్కుడుబిళ్ళ ఆడేవారు. అందులో అక్కను గెలిచినవాళ్ళు లేరు. పెంకు ముక్కను రాతి మీద అరగదీసి గుండ్రంగా చేసుకుని, దాన్ని సంచిలో పలక పక్కన దాచుకునేది. ఒంటికాలి మీద గెంతుతూ, బిళ్ళను ఒక్క తోపుతో గీతల మధ్యకు పంపేది. బిళ్ళ గీత మీద ఆగితే ఓడినట్టే. అక్క బిళ్ళ గీతకు వెంట్రుక వాసి దూరంలో ఆగేది. చివరి అంకంలో తల పైకెత్తి, కళ్ళు మూసుకుని గడి గడికీ అడుగు వేయాలి. అడుగు వేసిన ప్రతిసారీ "సరేనా?" అని అడగాలి. చుట్టూ ఉన్నవాళ్ళు "సరే" అనాలి. అక్క ముఖం ఎండలోకి ఎత్తి, కళ్ళు మూసుకుని "సరేనా? సరేనా?" అంటూ ఎనిమిది గళ్ళూ దాటడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. బోదెలో నా పలకను వెతికినప్పుడు కూడా అదే ముఖం.

విరామంలో ఒక ముసలమ్మ గంప దింపుకుని చెట్టు కింద కూర్చునేది. కార్తికంలో ఉసిరికాయలు, ఆ పైన రేగిపళ్ళు, చలికాలంలో ఉడికించిన తేగలు, ఎప్పుడూ ఉండేవి జీళ్ళు. నలుపలకల అయిదు పైసల బిళ్ళకు గుప్పెడు రేగిపళ్ళు వచ్చేవి. తేగను నిలువునా చీలిస్తే లోపల మెత్తటి తెల్లటి మొలక ఉంటుంది. అక్క అది నాకు ఇచ్చి, పీచున్న భాగం తను నమిలేది. అది తనకు ఇష్టమని చాలా ఏళ్ళు నమ్మాను.

మధ్యాహ్నం అన్నం కూడా ఆ చెట్టు కిందే. మాది సత్తు క్యారేజీ, ఇద్దరికీ ఒకటే. ఏటి మధ్య లంక వైపు నుంచి వచ్చే ఒక పిల్ల అక్క తరగతిలో ఉండేది. ఆ పిల్ల అన్నం తెచ్చుకునేది కాదు, మధ్యాహ్నం గంట కొట్టగానే చేతి పంపు దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేది. అక్క మూడో భాగం పక్కన పెట్టేది. నేను ఒకసారి ఇంట్లో ఫిర్యాదు చేశాను. అప్పుడు నాయనమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి సంగతి చెప్పింది. ఏరు దాటి వచ్చిన బాటసారి ఏ వేళకు తలుపు తట్టినా, ఏ కులమని అడగకుండా ఆకు వేసి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. 1909లో పోయారు. నాయనమ్మ చిన్నతనానికి ఆ వైపు వాళ్ళందరికీ ఆవిడ కథ తెలుసు. మర్నాటి నుంచి అమ్మ క్యారేజీలో ఇంకో గరిటె ఎక్కువ పెట్టింది. మన రాష్ట్రంలో బడిలో వండిన భోజనం 2003లో మొదలైంది. 2024లో ఆ పథకానికి సీతమ్మగారి పేరే పెట్టారు. ఆ వార్త చదివి అక్కకు ఫోను చేశాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ లంక పిల్ల పేరు చెప్పి, "దానికి మాగాయ అంటే ప్రాణం" అంది.

1986 జూన్‌లో అక్క హైస్కూలులో చేరింది. ఇక చీలిక దాకానే కలిసి నడక. అక్కడ నా మణికట్టు వదిలి, "తిన్నగా వెళ్ళు, దుంగ దాటావు కదా, ఇక భయం లేదు" అని రేవు వైపు తిరిగేది. నేను బడి గేటు దగ్గర ఆగి చూసేవాడిని. పడవ కదిలేది, తెల్ల జాకెట్టు, నీలం లంగా చిన్నవవుతూ పోయేవి. అవతలి ఒడ్డు చేరాక అక్క చెయ్యి ఊపేది. అప్పుడే లోపలికి వెళ్ళేవాడిని. రెండు నెలలు ఇలా గడిచాయి.

ఆగస్టులో ఏరు పెరిగింది. మొదట రంగు మారింది, తరువాత పాట లాంటి చప్పుడు పోయి ఒకటే హోరు. పడవ ఆపేశారు. పదిహేనో తారీఖున జెండా ఎగరవేసే వేళకు ఆవరణకు ఏటి వైపున్న ఇసుకంతా నీళ్ళలో ఉంది. అక్క కూడా ఆ రోజు మా బడికే వచ్చింది. తీపి బిళ్ళలు పంచారు, మాస్టారు ఉపన్యాసం చెప్పకుండానే అందరినీ ఇళ్ళకు పంపేశారు. తిరిగి వస్తుంటే పట్టపగలే నిద్రగన్నేరు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఏటిగట్టు మీద ఊరి మగవాళ్ళంతా ఇసుక బస్తాలు మోస్తున్నారు. అక్క కొన్ని నెలల తరువాత మళ్ళీ నన్ను ఇంటిదాకా మణికట్టు పట్టుకుని నడిపించింది.

ఆ మర్నాడు, 16వ తేదీన, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయిందని, భద్రాచలంలో గోదావరి 75 అడుగులు దాటిందని పెద్దయ్యాక చదివాను. అప్పుడు మాకు తెలిసిందల్లా రాత్రి లాంతర్లు పట్టుకుని పరిగెత్తిన మనుషుల కేకలు. పైన ఎక్కడో గండి పడిందన్నారు. గొడ్లను విప్పి తోలారు. అమ్మ బియ్యం డబ్బా, నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. నాన్న నన్ను భుజాన వేసుకున్నాడు. ఏటిగట్టు మీద తాటాకుల చాటున ఐదు రోజులు ఉన్నాం. పడవల మీద పులిహోర పొట్లాలు వచ్చేవి. గట్టు మీద నుంచి చూస్తే బడి కప్పు, చెట్టు మాత్రం కనిపించేవి. మిగతాదంతా ఎర్రటి నీరు. అక్క కొత్త పుస్తకాలు ఇంట్లో గూటిలో ఉండిపోయాయి. నీళ్ళు తీశాక వాటిని తెచ్చి గట్టు మీద పరిచి, పేజీ పేజీ విడదీసి, మధ్యలో ఈతాకులు పెట్టి ఆరబెట్టింది. లెక్కల పుస్తకం ఒక్కటే విడిపోలేదు, ఇటుకలా గట్టిపడింది.

బడి మళ్ళీ తెరిచేసరికి ఆవరణలో ఒండ్రు మేట వేసి ఉంది. ఎండకు అది ఆరి పగుళ్ళు తేలింది. పెద్ద పెద్ద పలకలుగా విడిపోయిన నేల, ఎవరో ముందే గళ్ళు గీసిపెట్టినట్టు. పిల్లలం దాన్ని చూసి ఆగలేకపోయాం. ఆ పగుళ్ళ మీద ఒంటికాలితో గెంతడం మొదలుపెట్టాం, మగపిల్లలు కూడా. ఊళ్ళో వరి పోయింది, గొడ్లు పోయాయి, ఇళ్ళు కూలాయి. మేము గెంతుతూనే ఉన్నాం. వసారాలో నిలబడి పంతులమ్మగారు మమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకోవడం గుర్తుంది. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు.

అక్కను మళ్ళీ ఏరు దాటించలేదు. ఎవరూ కూర్చుని నిర్ణయించినట్టు నాకు గుర్తు లేదు. పడవ మొదలైంది, కానీ "ఏరు ఇంకా లాగుతోంది" అన్నారు. తరువాత "నాట్లు మళ్ళీ వేయాలి, ఇంట్లో మనిషి కావాలి" అన్నారు. తరువాత ఎవరూ ఏమీ అనలేదు. సంక్రాంతి ముందు పడవాయన సంచి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఆ ఏడు మాకు గింజ సరిగా ఇంటికి రాలేదు. నాన్న మాట్లాడకుండా కుంచం తెచ్చి కొలిచాడు. సంచి మూతి పట్టుకున్నది నేనే. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. నేను ఆ తరువాత రెండేళ్ళు ఒంటరిగా ఆ దారిలో నడిచాను. చీలిక దగ్గర నాకు తెలియకుండానే ఎడమ మణికట్టును కుడి చేత్తో పట్టుకునే అలవాటు అప్పుడు వచ్చింది.

తరువాతి సంగతులు చాలా ఉన్నాయి, ఇక్కడ అవసరం లేదు. నిద్రగన్నేరు 1996 నవంబరు తుపానులో కూలిపోయింది. కోనసీమలో ఆ రాత్రి పడిపోయిన కొబ్బరిచెట్లను తలచుకుంటే ఒక్క చెట్టు గురించి బాధపడడం తప్పేమో అనిపిస్తుంది, అయినా బాధపడ్డాను. దిగువన బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వైనతేయ మీద వంతెన ఉంది. మా రేవులో పడవ లేదు. నాన్న పోయి పదకొండేళ్ళయింది. అక్క ఇద్దరు కూతుళ్ళూ డిగ్రీలు చదివారు. అక్క రోజూ దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది.

మొన్న కనుమ రోజున తీర్థంలో ఊరేగించే ప్రభలు చూసి వచ్చాక అక్క "ఒకసారి నడుద్దాం పద" అంది. తాటిదుంగల చోట సిమెంటు వంతెన ఉంది. గట్టు మీద తారు వేశారు. చీలిక ఉంది. రేవు వైపు దారిలో గడ్డి పెరిగి, ఎవరూ నడవని దారిలా ఉంది. అక్క అక్కడ ఆగింది, అప్పటిలాగే. చాలాసేపు అటే చూసింది.

"నేను పడవ ఎక్కింది రెండు నెలలే కదా, నాన్న ఏడాది ధాన్యం ఎందుకు కొలిచాడంటావు?" అని అడిగింది.

నేను ఏమని చెప్పను? అక్క అప్పటికే కుడి వైపుకు తిరిగి, బడి దారిలో నాలుగడుగులు ముందుకు వెళ్ళింది.